స్నార్కెల్ బిగిస్తే థార్ మూడడుగుల నీళ్ళు దాటేస్తుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. చెన్నై పెరుంబాక్కంలో ఉంటున్నారు, 2021 మహీంద్రా డీజిల్ థార్ ఉంది, మాన్యువల్ గేరు. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను అప్పుడు వీధి మునిగి రెండు రోజులు కదల్లేకపోయారు. నాన్నగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ మళ్ళీ పడదలుచుకోలేదు. ఈసారి వానలకు ముందే స్నార్కెల్ బిగించుకుంటే మూడడుగుల నీళ్ళలోంచి బయటపడొచ్చా, ఆదివారాల్లో ఆఫ్‌రోడ్‌కి వెళ్ళినప్పుడు వాగులు దాటడానికీ పనికొస్తుందా అని అడిగారు.

స్నార్కెల్ అంటే ఇంజిన్ గాలి పీల్చే మూతిని పైకి ఎత్తి పెట్టే గొట్టం. అది ఒక్కటే చాలదు. మూడడుగులు అసలే వద్దు. మీ బండికి కంపెనీ చెప్పిన లోతు 650 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల మీద ఒకటిన్నర అంగుళం. ఎన్ని పనులు చేయించినా నేనైతే ఆ 65 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతాను. చేయించే పనులు లోతు పెంచుకోవడానికి కాదు, ఆ 65 లో బండి చెడకుండా బయటికి రావడానికి. ఆ పనుల్లో మొదటిది స్నార్కెల్ కాదు, బ్రీదర్ గొట్టాలు (గేరు పెట్టెలు గాలి వదిలే, పీల్చే దారులు) పైకి ఎత్తడం. దానికి అయ్యే ఖర్చు స్నార్కెల్ ఖర్చులో చిన్న ముక్క. అయినా దాదాపు ఎవరూ చేయించుకోరు.

నేను అంబత్తూరులో ఇరవై రెండేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. ఒకప్పుడు జీపులు, జిప్సీలు, ఇప్పుడు థార్‌లు, గూర్ఖాలు ఎక్కువ. 2015 డిసెంబర్ 1న ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది చూడండి, ఆ ముంపు తర్వాత మూడు నెలలు మా షెడ్డుకు నీళ్ళలో మునిగిన బండ్లు తప్ప వేరే పని రాలేదు. ఇక్కడ రాసేదంతా ఆ బండ్లు విప్పి చూసి నేర్చుకున్నదే.

ముందు లోతు సంగతి తేల్చుకుందాం. మీ టైరు 255/65 ఆర్18 అయితే దాని ఎత్తు దాదాపు 79 సెంటీమీటర్లు. చక్రం నడిమధ్య నేల నుంచి 39 దగ్గర ఉంటుంది. అంటే 65 సెంటీమీటర్ల నీళ్ళలో యాక్సిళ్ళు, గేర్‌బాక్సు అడుగు, ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ మునిగే ఉంటాయి, టైరు పైభాగం అయిదారు అంగుళాలు మాత్రం కనిపిస్తుంది. మూడడుగులంటే 91 సెంటీమీటర్లు. టైరే కనపడదు.

అప్పుడు వచ్చే సమస్య ఇంజిన్ది కూడా కాదు. బండి తేలుతుంది. లెక్క వేసి చూడండి: బాడీ అడుగు సుమారు మూడున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు. అడుగుభాగం నీళ్ళలోకి దిగాక పెరిగే ప్రతి పది సెంటీమీటర్లకూ నీళ్ళు అర టన్ను బరువును పైకి ఎత్తుతాయి. మనుషులతో కలిపి మీ బండి రెండు టన్నులు అటూ ఇటూ. తలుపుల సందుల్లోంచి నీళ్ళు లోపలికి కారేలోపే టైర్లకు నేల మీద పట్టు పోతుంది. పట్టు పోయిన బండికి ఫోర్ వీల్ ఉన్నా, డిఫరెన్షియల్ లాకు (రెండు పక్కల చక్రాలూ కలిసి తిరిగేట్టు చేసేది) ఉన్నా ఒకటే. చిన్న ప్రవాహం వచ్చినా పక్కకు తోసుకుపోతుంది. ప్రవాహం వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలు అవుతుంది. అందుకే పారే నీళ్ళలో నా హద్దు 65 కాదు, మోకాలి లోపు. అదీ అడుగు నేల గట్టిగా ఉంటేనే.

లోతు కొలవడానికి టేపు అక్కర్లేదు. ఒకసారి ఇంట్లో గోడ దగ్గర నిలబడి నేల నుంచి 65 సెంటీమీటర్లు మీ కాలి మీద ఎక్కడికి వస్తుందో చూసుకోండి. మామూలు ఎత్తు మనిషికి తొడ మధ్యకు వస్తుంది. నిలిచిన నీళ్ళలో దిగి చూస్తే నిక్కరు తడిసిందంటే బండి దింపకూడదు. నేను పిల్లలకు నేర్పించే గుర్తు ఇదే.

ఇక బ్రీదర్ల సంగతి. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

బండి ఊపిరి పీల్చేది ఇంజిన్ ఒక్కటే అనుకుంటాం. కాదు. ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (యాక్సిళ్ళ మధ్య ఉండే గేరు పెట్టెలు), గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచేది), ఈ నాలుగూ గాలి వదులుతాయి, పీలుస్తాయి. లోపల గేర్ ఆయిల్ వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, అది బయటికి పోవడానికి పైన చిన్న టోపీలాంటిదో, పొట్టి గొట్టమో ఉంటుంది. అదే బ్రీదర్. అది లేకపోతే వేడికి సీళ్ళు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) తన్నుకుని ఆయిల్ కారుతుంది.

ఇప్పుడు మీరు జీఎస్‌టీ రోడ్డు మీద గంటసేపు నడిపి వచ్చారనుకోండి. డిఫరెన్షియల్ లోపల 90 డిగ్రీలు ఉందనుకుందాం. అలాగే నేరుగా 25 డిగ్రీల నీళ్ళలోకి దింపారు. ఇనప హౌసింగ్ గబుక్కున చల్లబడుతుంది, లోపలి గాలి దాదాపు అయిదో వంతు కుంచించుకుపోతుంది. ఆ లోటు భర్తీ చేయడానికి బయటి నుంచి పీల్చాలి. బయట ఉన్నది నీళ్ళే కదా. బ్రీదర్ నీళ్ళలో ఉంటే దాంట్లోంచి, అది మట్టితో మూసుకుపోయి ఉంటే యాక్సిల్ సీళ్ళ పెదవుల సందులోంచి నీళ్ళు పీలుస్తుంది. ఆ సీళ్ళు చేసింది ఆయిల్ బయటికి రాకుండా ఆపడానికి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపడానికి కాదు.

2017లో ఒకాయన జీపు తెచ్చాడు. ఖరీదైన స్నార్కెల్ ఉంది, పనితనం కూడా బాగుంది. ఊత్తుకోట వైపు వాగు దాటి వచ్చాడట, ఇంజిన్‌కి ఏమీ కాలేదు, చాలా సంతోషంగా ఉన్నాడు. నెలన్నర తర్వాత వెనక నుంచి ఊళ లాంటి మోత. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే చిక్కటి పాల టీ రంగులో ఆయిల్ వచ్చింది. బేరింగుల మీద తుప్పు చుక్కలు, డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ పినియన్ గేర్ల పళ్ళు గీసుకుపోయి ఉన్నాయి. బ్రీదర్ టోపీ చూస్తే ఎండిన బంకమట్టితో గట్టిగా బిగుసుకుపోయింది. ఇంజిన్‌ని కాపాడుకున్నాడు, వెనక యాక్సిల్ మొత్తం పోగొట్టుకున్నాడు. ఆ నెలన్నరలో ఒక్కసారి ఆయిల్ చూసి ఉంటే రెండు లీటర్ల గేర్ ఆయిల్‌తో పోయేది.

చేయాల్సింది సులువే. ఒక్కో బ్రీదర్ దగ్గర ఉన్న టోపీ తీసి, అక్కడ గొట్టం తొడిగే నిపిల్ బిగించి, ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు హోస్ పైకి తీసుకురావాలి. లోపలి సందు 6 లేదా 8 మిల్లీమీటర్లు సరిపోతుంది. పుదుపేటలోనూ, జీపీ రోడ్డులోనూ మీటర్ల లెక్కన దొరుకుతుంది. బానెట్ కింద ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) పైఅంచు దాకా తెస్తే చాలు, కొందరు స్నార్కెల్ తల దాకా తీసుకెళ్తారు. చివర చిన్న ఫిల్టరు పెట్టి, మూతి కిందకి వంచండి. నాలుగూ ఒక్కచోట కలిపి ఒకే గొట్టం చేయడం చూడ్డానికి బాగుంటుంది. కానీ నేను విడివిడిగానే ఉంచుతాను, ఒకటి మూసుకుపోతే మిగతావి బతికుంటాయి.

చాలామంది చేసే తప్పు ఒకటి చెబుతాను. వెనక యాక్సిల్ పైకీ కిందకీ ఊగుతుంది. గొట్టాన్ని చాసిస్‌కి బిగుతుగా కట్టేస్తే మొదటి గుంతలోనే ఊడిపోతుంది. చక్రం పూర్తిగా కిందకి వేలాడేట్టు జాకీ ఎత్తి, ఆ స్థితిలో కూడా గొట్టానికి వదులు ఉందో లేదో చూసి అప్పుడు కట్టాలి. సైలెన్సర్‌కి, టర్బోకి (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం, బాగా వేడెక్కుతుంది) దూరంగా పోనివ్వండి. అంతా అయ్యాక పై చివర నుంచి నోటితో ఊదండి. గాలి తేలిగ్గా పోవాలి. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకండి, సీళ్ళు లేచిపోతాయి.

రెండోది, ఎయిర్‌బాక్సు (ఎయిర్‌ఫిల్టర్ ఉండే డబ్బా) సీలు. స్నార్కెల్ అనేది ఎత్తయిన మూతి మాత్రమే. ఆ మూతి నుంచి టర్బో దాకా మధ్యలో ఎక్కడ సందు ఉన్నా ఇంజిన్ అక్కడి నుంచే పీలుస్తుంది, పై నుంచి కాదు. ఎయిర్‌బాక్సు మూత రబ్బరు, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) దగ్గరి జాయింటు, హోస్ క్లిప్పులు, అన్నీ వేళ్ళతో తడిమి చూడాలి. చాలా బండ్లలో ఎయిర్‌బాక్సు అడుగున దుమ్మూ వాన నీళ్ళూ జారిపోవడానికి రబ్బరు మూతి ఒకటి ఉంటుంది. స్నార్కెల్ బిగించిన మెకానిక్ దాన్ని అలాగే వదిలేస్తే మీరు పెట్టిన డబ్బంతా వృథా. దానికి గట్టి బిరడా పెట్టాలి. పెట్టాక, వానాకాలంలో పది రోజులకోసారి బాక్సు తెరిచి అడుగున నీళ్ళు నిలిచాయేమో చూస్తూ ఉండాలి.

స్నార్కెల్ బాగా బిగిందా లేదా అని తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఇది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, స్నార్కెల్ తల తీసి, మందపాటి రబ్బరు షీటుతో గొట్టం మూతి పూర్తిగా మూయాలి. రెండు మూడు సెకన్లలో ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగబోవాలి. వెంటనే షీటు తీసేయండి. ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటే ఎక్కడో సందు ఉంది. అరచేత్తో మూయకండి, యాక్సిలరేటర్ నొక్కి అసలు చేయకండి. లోపలి హోసులు నలిగిపోతాయి.

బజార్లో అందానికి అతికించే డమ్మీ స్నార్కెళ్ళు కూడా ఉన్నాయి. ఫెండర్‌కి బయట స్క్రూలు, లోపల గొట్టమే ఉండదు. పాత బండి కొన్నవాళ్ళు దాన్ని నిజమనుకుని నీళ్ళలో దింపేస్తారు. కొనేముందు ఫెండర్ లోపలికి చెయ్యి పెట్టి చూడండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ తయారుచేసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. గూర్ఖాకి స్నార్కెల్ కంపెనీయే ఇస్తుంది కాబట్టి వాళ్ళకు ఇబ్బంది లేదు. మీరు ఫెండర్ కోయించే ముందు ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడిగి, వారంటీ ఉంటే డీలర్ దగ్గర, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. బ్రీదర్ గొట్టాలకు కోతలేమీ ఉండవు కాబట్టి ఆ పని ముందు కానివ్వండి.

ఫ్యాన్ గురించి క్లుప్తంగా చెబుతాను. మీ బండి ఫ్యాను బెల్టుతో తిరుగుతుందా, మోటారుతో తిరుగుతుందా బానెట్ తెరిచి చూసుకోండి. బెల్టుతో తిరిగే ఫ్యాను నీళ్ళలో పడితే పడవ ప్రొపెల్లర్ లాగా పనిచేస్తుంది, రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ని కోసేస్తాయి. నా పాత ఎంఎం540 జీపుకి కుశస్థలి నదిలో ఇదే జరిగింది. గట్టు ఎక్కేసరికి రేడియేటర్ నీళ్ళన్నీ పోయాయి, ఊళ్ళోకి నాలుగు కిలోమీటర్లు ట్రాక్టరుతో లాగించుకున్నాను. మోటారు ఫ్యాన్ అయితే నీళ్ళలోకి దిగేముందు ఏసీ ఆపేయండి. మరీ లోతైతే ఆ కొద్ది నిమిషాలు ఫ్యాన్ ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోండి. గట్టు ఎక్కగానే తిరిగి పెట్టడం మరిచిపోతే ఇంజిన్ కాలిపోతుంది, అందుకని పక్క సీటు మనిషికి ఆ పని అప్పగిస్తాను. రెండు రకాలకూ ఉపయోగపడేది ఒకటుంది: ముందు గ్రిల్‌కి అడ్డంగా గట్టి టార్పాలిన్ కట్టడం. బండి కదులుతున్నంతసేపు నీళ్ళు పక్కలకు పోయి ఇంజిన్ దగ్గర మట్టం తక్కువగా ఉంటుంది.

వైరింగులో కంపెనీ కనెక్టర్లు చాలావరకు బాగానే ఉంటాయి. చెడేది మనం తర్వాత కలిపినవే: ఫాగ్ లైట్లు, గట్టి హారన్, టేపు చుట్టిన జాయింట్లు. వాటిని తీసి సరైన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు వేయించండి, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్లలోకి తడి చేరకుండా ఆపేది) పూయండి. చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్ ప్లగ్గులు, ఎర్త్ బోల్టులు కూడా చూడండి. థార్ లోపల కాళ్ళు పెట్టుకునే ఫ్లోర్ మీద నీళ్ళు పోవడానికి డ్రెయిన్ ప్లగ్గులు ఉన్నాయి, అవి తుప్పుతో, మురికితో బిగుసుకుపోకుండా ఇప్పుడే ఒకసారి తీసి పెట్టుకోండి.

సైలెన్సర్ గురించి అందరూ భయపడతారు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపు పొగ ఒత్తిడి నీళ్ళను బయటికి నెడుతుంది. ప్రమాదం ఇంజిన్ ఆగినప్పుడే.

ఇప్పుడు నడపడం. దిగేముందు 15–20 నిమిషాలు బండి ఆపి చల్లారనివ్వండి, ఎందుకో పైన చెప్పాను. లాగే తాడు ముందే హుక్కుకి తగిలించి, రెండో చివర బానెట్ మీదకో, కిటికీలోకో తెచ్చి పెట్టుకోండి. బురద నీళ్ళలో మునిగి హుక్కు వెతికే తిప్పలు పడ్డవాళ్ళకు దీని విలువ తెలుసు. అద్దాలు పూర్తిగా దించండి, కరెంటు పోతే పవర్ విండోలు పనిచేయవు. ఫోర్ లో (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేసి, అడుగు నేలను బట్టి ఒకటో గేరో రెండో గేరో, 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర, మనిషి నడిచే వేగంతో పోవాలి. ముందు ఒక చిన్న అల లేస్తుంది, దాని వెనకే సమంగా పోవాలి, దాన్ని దాటకూడదు. మధ్యలో క్లచ్ నొక్కకూడదు, గేరు మార్చకూడదు, ఆగకూడదు. క్లచ్ నొక్కితే ప్లేట్ల మధ్యకు నీళ్ళు చేరతాయి, బండి ఊపు పోతుంది, ఆ నిమిషంలో ముందు లేచిన అల వెనక్కి వచ్చి ఇంజిన్ మీద పడుతుంది.

సినిమాల్లోలాగా రెండు పక్కలా నీళ్ళు రెక్కల్లా లేచేట్టు తోలితే ఎంత స్నార్కెల్ ఉన్నా ఆల్టర్నేటర్, ఫ్యాన్, నంబర్ ప్లేటు ఏదో ఒకటి పోతుంది.

దిగేముందు ఒక మనిషి కర్రతో నడిచి దాటాలి. ఒక్క గీత మీద కాదు, రెండు చక్రాలూ పోయే రెండు గీతల మీదా నడవాలి. నడిచి దాటలేని చోట బండి దాటదు. ఊత్తుకోట దగ్గర అరణియార్ నది మీదున్న పాత నేల వంతెన పిచ్చాటూరు రిజర్వాయర్ గేట్లు ఎత్తినప్పుడల్లా మునిగేది. ఒకసారి అక్కడ నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయని మా వాళ్ళు తొందరపెట్టారు. నేను పది అడుగులు వేసేసరికి కాలు నిలవలేదు, కర్ర ఊగిపోయింది. తిరుపతి ప్రయాణం మానుకుని వెనక్కి వచ్చేశాం.

బండి నీళ్ళ మధ్యలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఇది పెద్దక్షరాలతో స్టీరింగ్ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు. కారణం చూడండి. మీది నాలుగు సిలిండర్ల 2184 సీసీ ఇంజిన్, అంటే ఒక్కో సిలిండర్ 546 సీసీ. డీజిల్ కాబట్టి కంప్రెషన్ 16:1 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 36 మిల్లీలీటర్లు. రెండున్నర టేబుల్ స్పూన్లు. గాలిని నొక్కొచ్చు, నీళ్ళను నొక్కలేం. అంతకంటే ఒక్క చుక్క ఎక్కువ నీళ్ళు చేరినా పిస్టన్ పైకి పోలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్రోల్ ఇంజిన్లో కంప్రెషన్ తక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ చోటు ఉంటుంది, అంతే తేడా.

2015లో మా షెడ్డుకు వచ్చిన బండ్లలో నీళ్ళలో నిలబడి మునిగినవి చాలావరకు శుభ్రం చేస్తే తిరిగాయి. రాడ్లు వంగినవి దాదాపు అన్నీ, నీళ్ళు తగ్గాక ఓనరు ఒక్కసారి తాళం తిప్పి చూద్దామనుకున్నవే. ఒక కుర్రాడు నా ముందే కూర్చుని ఏడ్చాడు, బండి కొని నాలుగు నెలలు. తాళం తిప్పకుండా తోయించుకుని తెచ్చి ఉంటే వాళ్ళ నాన్న దాచిన డబ్బు మిగిలేది.

ఆగిపోతే బ్యాటరీ వైరు తీసేయండి, బండిని లాగించి గట్టు ఎక్కించండి. ఎయిర్‌ఫిల్టర్ విప్పి చూడండి. ఫిల్టర్ తడిగా ఉంటే గ్లో ప్లగ్గులో, ఇంజెక్టర్లో తీసి, సిలిండర్లలో నీళ్ళు బయటికి పోయేట్టు ఇంజిన్‌ని చేత్తో తిప్పాలి. అది షెడ్డులో చేసే పని. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇలాంటి ఇంజిన్ నష్టానికి సాధారణంగా డబ్బు ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. అది ఉన్నా, నీళ్ళలో మళ్ళీ స్టార్ట్ చేశారని తేలితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. చెన్నైలో ఉంటూ ఆ యాడ్-ఆన్ లేకుండా ఉండకండి.

గట్టు ఎక్కాక చేయాల్సినవి. మెల్లగా పోతూ ఎడమ కాలితో బ్రేకు లైటుగా నొక్కి పట్టి ఆరబెట్టండి. వెనక డ్రమ్ములు కాబట్టి వాటిలో ఒండ్రు చేరుతుంది, ఆ వారంలోనే విప్పి కడిగించండి, లేకపోతే హ్యాండ్‌బ్రేకు పట్టేస్తుంది. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందే డిఫరెన్షియళ్ళు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల అడుగున ఉండే నాలుగు ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గులూ కొద్దిగా వదులు చేయండి. నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి మొదట అవే కారతాయి. ఆయిలే వస్తే బిగించేయండి. నీళ్ళ చుక్క పడినా, పాల రంగు కనిపించినా మొత్తం ఆయిల్ మార్చేయండి. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు కొత్త గ్రీజు కొట్టించండి, పాతది తెల్లగా బయటికి వచ్చి, తర్వాత శుభ్రమైనది కనిపించే దాకా. కోవళం, ముట్టుకాడు వైపు ఉప్పునీళ్ళలో దిగితే ఇదంతా ఆ రోజే, మంచినీళ్ళతో కడిగి మరీ చేయాలి.

ఇక వీధి ముంపు. వాగుకీ వీధికీ తేడా ఉంది. వాగులో కనీసం కర్రతో నడిచి అడుగు చూసుకోవచ్చు. మన వీధుల్లో నీళ్ళ కింద మూత లేని మ్యాన్‌హోల్, తవ్వి వదిలేసిన కాలువ, తెగిపడిన కరెంటు తీగ ఏదైనా ఉండొచ్చు. ఎదురుగా ఒక సిటీ బస్సు వస్తే దాని అల ఒక్కటే మట్టాన్ని జానెడు పెంచుతుంది. మీరు 55 అనుకుని దిగింది ఆ నిమిషంలో 75 అవుతుంది. సబ్‌వేల్లోకి (రైలు పట్టాల కింద నుంచి పోయే రోడ్లు) మాత్రం ఎంత తక్కువ నీళ్ళు కనిపించినా వెళ్ళకండి. గణేశపురం, దురైసామి సబ్‌వేల్లో లోతు దూరం నుంచి కనిపించదు. 2023 మేలో బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి, ఆంధ్ర నుంచి వెళ్ళి ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు పని మీద మనసు నిలవలేదు.

ఇంకో విషయం. మునిగిన వీధిలో మన బండి లేపే అల పక్క ఇళ్ళ గడపలు దాటి లోపలికి పోతుంది. ముడిచ్చూరులో నేను సామాన్లు చేరవేస్తున్నప్పుడు ఒక పెద్దావిడ మంచం మీద నిలబడి చేతులు జోడించింది, మెల్లగా పోనివ్వండి నాయనా అని. ఒకటో గేరులో, అల లేవకుండా పోవాలి.

నాన్నగారి విషయానికి వస్తాను. మిగ్‌జాం 2023 డిసెంబర్ 5న తీరం దాటింది బాపట్ల దగ్గర. కానీ అంతకు ముందు రెండు రోజులూ మన మీదే కురిసి చెన్నైని ముంచింది. తుఫాను వస్తుందని మూడు నాలుగు రోజుల ముందే హెచ్చరిక ఉంది. పళ్ళికరణై చిత్తడి నేల పక్కన ఉన్న పెరుంబాక్కంలో నీళ్ళు ఒకసారి నిలిస్తే తొందరగా దిగవు. కాబట్టి రెడ్ అలర్ట్ అనగానే నాన్నగారిని డయాలసిస్ సెంటర్‌కి నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో, ఎత్తయిన చోట, బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ముందే దింపండి. సెంటర్ వాళ్ళతో మాట్లాడి, వీలైతే ఆ వారం సెషన్ ఒక రోజు ముందుకు జరిపించండి. 2024 అక్టోబర్‌లో వాన హెచ్చరిక రాగానే జనం వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా పెట్టుకున్నారు, వాళ్ళు చేసింది సరైన పని. నీళ్ళు వచ్చాక 65 దాటితే ఫైర్ సర్వీసు వాళ్ళ పడవ కోసం ఫోన్ చేయండి. రోగిని పక్కన కూర్చోబెట్టుకుని లోతు పరీక్షించకూడదు.

బండి పనులు ఈ వరసలో చేయించండి: బ్రీదర్లు, ఎయిర్‌బాక్సు సీలు, వైరింగు, తాడు, టార్పాలిన్. స్నార్కెల్ ఆ తర్వాత, కాగితాలు చూసుకుని. మొదటిసారి ఎక్కడైనా మంచి గట్టి నేల ఉన్న చోట ఒక్క అడుగు లోతులో రెండు మూడుసార్లు తిప్పి, ఇంటికొచ్చి డ్రెయిన్ ప్లగ్గులు చూడండి.

ఈ ఆదివారం అయిదు నిమిషాలు బండి కిందకి దూరి, వెనక యాక్సిల్ హౌసింగ్ పైన బ్రీదర్ ఎలా ఉందో చూడండి. టోపీ అయితే వేళ్ళతో తిప్పితే కదలాలి, గొట్టమైతే చివర మట్టి ఉండకూడదు. ఒక ఫోటో తీసి పెట్టండి, ఏ సైజు నిపిల్ కావాలో చూసి చెబుతాను.